మొదట చేరినవాళ్ల పద్దు

బాపట్ల జిల్లా వేటపాలెం మండలం రామాపురం తీరానికి సెలవు రోజుల్లో వచ్చేవాళ్లలో ఎక్కువమందికి సముద్రం కొత్త. అల వెనక్కి మళ్లేటప్పుడు కాలి కింద ఇసుక ఎలా జారుతుందో, పైకి నిమ్మళంగా కనిపించే నీరు ఎటు లాగుతుందో ఇక్కడి మత్స్యకారులకు తెలుసు, ఆ వచ్చేవాళ్లకు తెలియదు. అందుకే చీరాల, వేటపాలెం విలేకరులకు మునక వార్త రాయడం అలవాటైపోయింది. ఆ వార్తల్లో ఒక మాట దాదాపు మారదు: గజ ఈతగాళ్ల సాయంతో గాలింపు చేపట్టారు. పోయిన కుర్రాళ్ల పేర్లు, వయసు, చదివే కాలేజీ రాస్తారు. ఎస్సై పేరు రాస్తారు. గాలించినవాళ్లు మాత్రం గజ ఈతగాళ్లుగానే మిగిలిపోతారు.

మునక జరిగినప్పుడు జనం చేరే వరుస ఇంచుమించు ఇలా ఉంటుంది. ముందు పడవల దగ్గరున్నవాళ్లు దూకుతారు. తర్వాత బీచ్ డ్యూటీలో ఉన్న హోంగార్డో కానిస్టేబులో పరిగెత్తుకొస్తాడు. కబురు వెళ్లాక 108 అంబులెన్సు వస్తుంది. అందులో ఒక ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడు), ఒక పైలట్ ఉంటారు. డ్రైవరును 108 వాళ్లు పైలట్ అనే అంటారు. ప్రాణం ఉంటే చీరాల ఏరియా ఆస్పత్రి, లేకపోతే పంచనామా. శవం రెండోనాడో మూడోనాడో ఇంకోచోట ఒడ్డుకు కొట్టుకొస్తే, ఎత్తడానికి తరచుగా పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులకే పిలుపు వెళ్తుంది. ఆ పిలుపుకూ కులానికీ ఉన్న ముడి ఈ ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. విజయవాడ–గూడూరు రైలు మార్గం వేటపాలెం మీదుగానే పోతుంది కాబట్టి పట్టాల మీద ఇంకో వరుస ఉంది: బ్రేకు వేసినా బండి ఆగదని తెలిసీ చూస్తూ కూర్చోవాల్సిన లోకో పైలట్, ఆ తర్వాత పట్టాలు చూసే కీమ్యాన్, ఆ తర్వాత రైల్వే పోలీసు. 216వ జాతీయ రహదారి మీద మరో వరుస.

ఒకే శవం చుట్టూ ఇంతమంది నిలబడతారు. ఆరు నెలల తర్వాత వీళ్లలో ఒకరికి నిద్ర పట్టకపోతే, డ్యూటీ అనగానే కాళ్లు ఆడకపోతే, సెలవు ఎవరిస్తారు? ఆ రోజుల జీతం ఎవరిది? వైద్యం ఖర్చు ఎవరిది? ఉద్యోగం మిగులుతుందా? చట్టాలు తిరగేస్తే తేలేదేమిటంటే, జవాబు జబ్బును బట్టి మారడం లేదు. ఆ మనిషి ఎవరి మనిషి అన్నదాన్ని బట్టి మారుతోంది.

ముందు జబ్బు సంగతి. పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అనే పేరు, అంటే పీటీఎస్‌డీ, అమెరికా మనోవైద్యుల సంఘం రోగనిర్ధారణ గ్రంథంలోకి 1980లో ఎక్కింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల గోడు దాని వెనక ఉంది. చాలాకాలం అది సైనికుల జబ్బుగా, అత్యాచార బాధితుల జబ్బుగా, అంటే ప్రమాదం తన మీదికే వచ్చినవాళ్ల జబ్బుగా చలామణి అయింది. 2013లో వచ్చిన అయిదో కూర్పు ఒక అడుగు ముందుకు వేసింది. ఘోరాల వివరాలకు పని రీత్యా పదేపదే గురయ్యేవాళ్లకూ ఇది రావచ్చని రాసి, మనుషుల అవశేషాలు ఏరేవాళ్లనూ, పిల్లల మీద జరిగిన అకృత్యాల వివరాలు పదేపదే వినే పోలీసులనూ ఉదాహరణగా పేర్కొంది. రామాపురం ఒడ్డున, వేటపాలెం పట్టాల మీద జరిగే పని ఈ వర్ణనకు దూరమైందేమీ కాదు.

లక్షణాలు ఎలా ఉంటాయో ఇళ్లలో వాళ్లకు ముందు తెలుస్తుంది. నిద్రలో కలవరింతలు. ఆ చోటు పక్కనుంచి పోకుండా చుట్టు తిరిగి పోవడం. పళ్లెం కింద పడితే ఉలిక్కిపడడం. బిడ్డ నీళ్ల తొట్టి దగ్గరకు వెళ్లినా ఇల్లెగిరిపోయేలా అరవడం. మనిషి ఎదురుగానే ఉండి లేనట్టుండడం. గాలి సోకిందంటారు, భయం పట్టిందంటారు, తాయెత్తు కడతారు. అన్నిటికన్నా తేలిగ్గా దొరికే మందు బ్రాందీ షాపులో ఉంటుంది. అయితే జాగ్రత్తగా చెప్పాల్సిన మాటొకటుంది. ఘోరం చూసిన ప్రతివాళ్లకూ పీటీఎస్‌డీ రాదు. ఎక్కువమంది కొన్ని వారాల్లో వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు. లక్షణాలు నెల దాటి నిలిస్తేనే ఈ పేరు పెట్టాలన్నది ఆ గ్రంథం నియమం. కొందరిలో ఆరు నెలలు గడిచాకగానీ పూర్తి రూపం బయటపడదని కూడా అదే గ్రంథం చెబుతోంది. ఈ ఆలస్యమే తర్వాత చట్టం దగ్గర మనిషిని దెబ్బతీస్తుంది.

ఎంతమందికి వస్తుంది? 2012లో బెర్గర్, ఆయన సహచరులు అప్పటిదాకా వచ్చిన 28 అధ్యయనాలను కలిపి చూశారు. 20 వేలమందికి పైబడిన సహాయక సిబ్బందిలో ఆ సమయానికి పీటీఎస్‌డీ ఉన్నవాళ్లు దాదాపు 10 శాతం. అగ్నిమాపక సిబ్బంది కన్నా, పోలీసుల కన్నా అంబులెన్సు సిబ్బందిలో ఎక్కువ. 2018లో అంబులెన్సు వాళ్ల మీద మాత్రమే చేసిన మరో సమీక్ష 11 శాతం చెప్పింది. వీటిని తీసుకొచ్చి బాపట్ల జిల్లా మీద పరిచేయడం తొందరపాటు. ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం ధనిక దేశాలవి. ప్రశ్నాపత్రాలు నింపించి తేల్చినవి చాలా ఉన్నాయి. జబ్బుపడి ఉద్యోగం మానేసినవాళ్లు లెక్కలోకే రారు. మన దగ్గరి పెద్ద సర్వే 2015–16 నాటి జాతీయ మానసిక ఆరోగ్య సర్వే. బెంగళూరు నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన ఆ సర్వేలో పెద్దవాళ్లలో మానసిక రుగ్మతల్లో ఏదో ఒకటి ఉన్నవాళ్లు 10.6 శాతమని, పీటీఎస్‌డీ ఒక్కటే చూస్తే 0.2 శాతమని తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. పైగా అది ఇంటింటి సర్వే. వృత్తులవారీగా 108 వాళ్లనూ హోంగార్డులనూ విడదీసి చూసే పని అది పెట్టుకోలేదు. 10 శాతానికీ 0.2 శాతానికీ మధ్య ఎక్కడో మన మనిషి ఉన్నాడనడం వరకే ఆధారం తోడొస్తుంది.

ఇంకో చిక్కుంది. నిద్రలేమి, చిరాకు, తాగుడు డ్యూటీ గంటల వల్ల కూడా వస్తాయి. పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ కోసం హైదరాబాదు అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ చేసి, 2014లో వెలువడిన అధ్యయనంలో స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం రోజుకు 8 గంటలు మించి పనిచేస్తున్నట్టు తేలింది. 2019లో కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ అనే సంస్థలు కలిసి తెచ్చిన నివేదిక పోలీసు సగటు పనిదినం 14 గంటలని, ఇంచుమించు సగం మందికి వారాంతపు సెలవే లేదని చెప్పింది. 14 గంటలు నిలబడినవాడికి నిద్ర పట్టకపోవడానికి శవమే కారణమని ఎలా తేల్చాలి? తేల్చలేం. అందుకే ఈ రెంటినీ వేరుచేసి చూపమని ఉద్యోగిని అడిగే ఏ పథకమైనా కాగితం మీదే మిగులుతుందని నా అనుమానం.

ఇప్పుడు చట్టం. 108లో పనిచేసే ఈఎంటీని తీసుకుందాం. ఆ సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది, సత్యం రామలింగరాజు చలవతో. 2009లో సత్యం కుప్పకూలాక జీవీకే చేతికి వచ్చింది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో బీవీజీ నడిపింది, 2020లో అరబిందో చేతికి వెళ్లింది. ఆ ఏడాది జులై 1న విజయవాడలో 108, 104 కలిపి 1,088 వాహనాలు వరుసగా కదిలిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. బండి మీద ప్రభుత్వం పేరుంటుంది, జీతం చీటీ మీద సంస్థ పేరుంటుంది. సంస్థ మారినా మనిషి మారడు, అదే బండి, అదే రోడ్డు. జబ్బుకు పాత కేసులు కారణమైతే, ఆ కేసులు పాత సంస్థ కాలంలోవైతే, బాధ్యత ఎవరి ఖాతాలో పడుతుంది? ఈ ప్రశ్నకు టెండరు కాగితాల్లో జవాబు వెతకాల్సి రావడమే ఒక జవాబు.

జీతం నెలకు 21 వేల లోపుంటే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా, వర్తిస్తుంది. చెల్లింపులు సరిగా పడి ఉంటే ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం వేతనం వస్తుంది. సిక్ బెనిఫిట్ అంటారు దాన్ని. ఆ రోజుల్లో ఉద్యోగంలోంచి తీసేయకూడదన్న రక్షణ కూడా ఉంది. పీటీఎస్‌డీకి వైద్యం మొదలుపెట్టడానికి 91 రోజులు చిన్న గడువేమీ కాదు. అసలు ఇబ్బంది ఆ తర్వాత. దీర్ఘరోగాలకు రెండేళ్ల దాకా 80 శాతం వేతనమిచ్చే ఏర్పాటుంది, దానికి 34 జబ్బుల జాబితా ఉంది. క్షయ ఉంది, కుష్టు ఉంది, కేన్సర్ ఉంది. మానసిక జబ్బుల గడిలో స్కిజోఫ్రెనియా, ఎండోజీనస్ డిప్రెషన్, మేనిక్ డిప్రెసివ్ సైకోసిస్, డిమెన్షియా ఉన్నాయి. పీటీఎస్‌డీ లేదు. జాబితాలో లేని జబ్బుకు ప్రత్యేకంగా మంజూరు చేసే వెసులుబాటు పైఅధికారులకు ఉన్నా, వేటపాలెం ఈఎంటీ కాగితం అంత ఎత్తుకు ఎక్కడం వేరే సంగతి.

ఆ ఎండోజీనస్ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. బయట కారణమేమీ లేకుండా లోపల్నుంచే పుట్టిన దిగులు అని దాని అర్థం. దయగల డాక్టరు ఈ మనిషికి దీర్ఘ సెలవు ఇప్పించాలనుకుంటే జాబితాలో దగ్గరగా కనిపించే గడి అదే. అందులో టిక్కు పెట్టగానే రెండేళ్ల జీతానికి దారి తెరుచుకుంటుంది. అదే టిక్కుతో, ఇది పని వల్ల వచ్చిందన్న వాదనకు దారి మూసుకుపోతుంది. జబ్బు తనలోంచే పుట్టిందని ఒప్పుకుంటేనే డబ్బు. పని వల్ల వచ్చిందంటే రుజువు చూపించు.

ఆ రుజువు సంగతి 2025 దాకా 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం చెప్పేది. ఈఎస్ఐ వర్తించనివాళ్లకు అదే దిక్కుగా ఉండేది. దాని మూడో షెడ్యూలులో వృత్తి రోగాల జాబితా ఉండేది: సీసం విషం, సిలికోసిస్, వైద్య సిబ్బందికి సోకే అంటురోగాలు లాంటివి. మానసిక రోగం ఒక్కటీ ఉండేది కాదు. జాబితాలో లేని రోగానికి పరిహారం కావాలంటే అది పనిలో జరిగిన ప్రమాదం వల్ల కలిగిన ఒక నిర్దిష్టమైన గాయానికి నేరుగా ముడిపడి ఉండాలని మూడో సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ అనేది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ చట్రాన్నే మోసుకొచ్చింది. క్లెయిముకు రెండేళ్ల గడువు. పదేళ్లలో వందల కేసులు మోసినవాడిని ‘ఏ తేదీన దెబ్బ తగిలింది?’ అని అడిగితే ఏం చెబుతాడు? కూలిన గోడ కింద పడ్డవాడికి తేదీ ఉంటుంది. గోడకు చెమ్మ ఎక్కిన తేదీ ఎవరికీ తెలియదు.

తలుపు పూర్తిగా మూసుకుపోయిందనడం కూడా సరికాదు. పనిలో పడ్డ ఒత్తిడి వల్ల గుండె ఆగి చనిపోయిన లారీ డ్రైవరు విషయంలో అది ప్రమాదమేనని 2012లో పరంపాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంగీకరించింది. అంటే ప్రమాదం అన్న మాటకు ఇనుము, నెత్తురు తప్పనిసరి కావు. కానీ అక్కడ ఒక చావు ఉంది, దానికి ఒక రోజుంది. మనసు విషయంలో ఆ తర్కం ఎంత దూరం సాగుతుందో ఒక కేసు వేసి చూసుకోవాల్సిందే, వేయగల స్తోమతు ఉంటే.

బీమా సంగతి రెండు వాక్యాల్లో తేలుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆరోగ్య బీమాలో మానసిక రోగాన్ని శరీర రోగంతో సమానంగా చూడాలి, కాబట్టి వైద్యం ఖర్చుకు దారుంది. ప్రమాద బీమాలో మాత్రం ప్రమాదమంటే బయటి నుంచి, బలంగా, కంటికి కనిపించేలా జరగాలన్నది నిర్వచనం. కనిపించేలా అన్న ఆ ఒక్క మాట ఈ జబ్బును గడప బయటే నిలబెడుతుంది.

ప్రభుత్వ ఉద్యోగి పరిస్థితి చాలా మెరుగు. చీరాల ఫైర్ స్టేషన్లో ఫైర్‌మ్యాన్‌కు గానీ వేటపాలెం స్టేషన్ కానిస్టేబులుకు గానీ అర్ధవేతన సెలవు ఉంది, డాక్టరు సర్టిఫికెట్ మీద దాన్ని పూర్తి వేతన సెలవుగా మార్చుకునే కమ్యూటెడ్ లీవు ఉంది. దీర్ఘరోగులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సెలవు రాయితీల్లో క్షయ, కుష్టు, కేన్సర్, గుండె, కిడ్నీ జబ్బుల సరసన మానసిక రోగం పేరు చాలాకాలంగా ఉంది. పోలీసులకు ఆరోగ్య భద్రత పథకం విడిగా ఉంది. వీటన్నిటికన్నా బలమైంది 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ మనిషిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో మరో పని ఇవ్వాలి. ఖాళీ లేకపోతే అదనపు పోస్టు పుట్టించైనా పెట్టుకోవాలి. మానసిక రోగం ఆ చట్టం షెడ్యూలులో ఉంది. రైల్వేలో ఇంతకన్నా పాత అలవాటు ఉంది. నిర్ణీత వైద్య శ్రేణికి తగనివాళ్లను డీకేటగరైజ్ చేసి, జీతం కాపాడుతూ మరో పనిలో పెడతారు.

ఈ సెక్షన్ ఎంతవరకు పనిచేస్తుందో రవీందర్ కుమార్ ధారీవాల్ కేసు చూపించింది. ఆయన సీఆర్‌పీఎఫ్ అధికారి. 2001లో చేరాడు. 2009 నుంచి మానసిక వ్యాధికి చికిత్సలో ఉన్నాడు. మరుసటేడు పై అధికారి ఫిర్యాదుతో మొదలై వరసగా క్రమశిక్షణ విచారణలు నడిచాయి. 2021 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఆ చర్యను కొట్టేసింది. మానసిక వైకల్యం ఉన్న మనిషి ప్రవర్తనను శుద్ధ క్రమశిక్షణ సమస్యగా చూడడం పరోక్ష వివక్షేనంది. వేరే పోస్టుకు మార్చాల్సి వస్తే జీతభత్యాలు కాపాడాలనీ, ఆయుధాలతో పనిలేని చోట వేసుకునే స్వేచ్ఛ అధికారులకు ఉంటుందనీ చెప్పింది. ఆ కేసు పీటీఎస్‌డీది కాదు, ఓసీడీ, డిప్రెషన్‌లది. అయినా తాగి డ్యూటీకి వచ్చాడనో, పై అధికారి మీద అరిచాడనో, చెప్పకుండా గైర్హాజరయ్యాడనో చార్జిమెమో అందుకున్న కానిస్టేబులుకు అది పనికొస్తుంది, ఒక షరతు మీద. ఆ మెమోకు ముందే వైద్యుడి దగ్గరకు వెళ్లిన కాగితం ఉండాలి. పిచ్చి డాక్టరు దగ్గరకు వెళ్లాడన్న పేరు పడితే స్టేషన్లో ఏమవుతుందో తెలిసినవాడు ఆ కాగితం పుట్టనివ్వడు.

ఇక్కడే మెట్లు కనిపిస్తాయి. కానిస్టేబులుకు 20వ సెక్షన్ ఉంది. అతని పక్కనే నిలబడ్డ హోంగార్డుకు జీతం లేదు, డ్యూటీ చేసిన రోజుకు అలవెన్సు ఉంది. రాని రోజు రాని రోజే. 108 ఈఎంటీకి ఈఎస్ఐ ఉంది, ఉద్యోగ భద్రత లేదు. శవాన్ని నీళ్లలోంచి తీసినవాడికి అసలు యజమానే లేడు.

యజమాని లేనివాళ్ల మీద ప్రభుత్వం ఎంత ఆధారపడుతుందో 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర తేటతెల్లమైంది. రాయల్ వశిష్ఠ పడవలో 77 మంది ఉన్నారు. బతికిన 26 మందిని ముందు ఒడ్డుకు చేర్చింది అక్కడి గిరిజన గ్రామాలవాళ్లు. తర్వాత జాతీయ విపత్తు దళం వచ్చింది, నేవీ వచ్చింది. ఎన్నో వారాల తర్వాత, అక్టోబరు 22న, ఆ పడవను అడుగు నుంచి బయటికి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. పడవతోపాటు ఏం బయటికి వచ్చిందో అప్పటి పత్రికలు చదివినవాళ్లకు తెలుసు. ఆ బృందానికి ప్రభుత్వం కాంట్రాక్టు డబ్బు ఇచ్చింది, మెచ్చుకోలూ దక్కింది. పని పూర్తయిన మర్నాటి నుంచి ఆ మనుషుల నిద్ర ఎవరి పద్దులోనూ లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గాలి మధ్య, రోడ్ల మీద పడిపోయినవాళ్లను భుజాలకెత్తుకుని పరిగెత్తిన పోలీసుల్లో, ఊరి కుర్రాళ్లలో కూడా ఇదే తేడా. పని ఒకటే, పద్దులు వేరు.

ఈ రుజువు చిక్కును మరోలా విప్పిన చోట్లున్నాయి. కెనడాలో అల్బెర్టా 2012లో, అంటారియో 2016 ఏప్రిల్లో తెచ్చిన చట్టాలు భారాన్ని తిరగేశాయి. పోలీసుకు, ఫైర్‌మ్యాన్‌కు, పారామెడిక్‌కు పీటీఎస్‌డీ ఉందని మనోవైద్యుడో సైకాలజిస్టో నిర్ధారిస్తే చాలు, అది పని వల్లే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదనేవాళ్లు రుజువు చూపాలి. అంటారియో చట్టం అత్యవసర ఫోను ఎత్తేవాళ్లనూ కలుపుకుంది. ఒడ్డుకు వెళ్లకుండానే తల్లి కేకలు వినేది వాళ్లే కాబట్టి అది న్యాయంగానే ఉంది. బదిలీ, క్రమశిక్షణ చర్య లాంటి యజమాని నిర్ణయాల వల్ల వచ్చిన బాధను మినహాయించింది. 2020 జనవరి 1 నుంచి కాలిఫోర్నియా ఇలాంటి నియమాన్నే ఫైర్‌మ్యాన్‌లకు, పోలీసులకు అమలు చేసింది. ఇక అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 నాటి వృత్తి రోగాల జాబితాలోనే పీటీఎస్‌డీకి విడి అంకె ఉంది.

ఇవి చదివి మనకూ అదే చట్టం కావాలని రాసేయడం సులువు. ఆ చట్టాల వల్ల క్లెయిములు తేలికయ్యాయన్నది ఒకటి, జబ్బు నయమైందన్నది వేరొకటి. మొదటిదానికి ఉన్నంత ఆధారం రెండోదానికి లేదు. అక్కడ మనిషికి నిర్ధారణ చేసే సైకాలజిస్టు అందుబాటులో ఉంటాడన్న లెక్క మీద ఆ చట్టం నిలబడింది. బాపట్ల జిల్లాలో చట్టం రేపు వచ్చినా నిర్ధారణ కోసం గుంటూరు బస్సు ఎక్కాలి.

చికిత్స విషయంలో ఆధారం కొంత గట్టిది. ఆఘాతం మీద దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి, ఈఎండీఆర్ అనే పద్ధతికి మంచి సాక్ష్యముంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలు రెంటినీ సూచించాయి. నిద్రమాత్రల కోవకు చెందిన బెంజోడయాజెపీన్లను తొలి నెలలో ఇవ్వొద్దని అవే చెప్పాయి, మనం మాత్రం ముందు అడిగేది అవే. చాలామంది మంచిదనుకుని చేసే ఇంకో పని ఉంది. పెద్ద ప్రమాదం జరగ్గానే సిబ్బందిని కూర్చోబెట్టి, చూసిందంతా ఒకేసారి చెప్పించడం. 2002 కాక్రేన్ సమీక్ష ప్రకారం ఆ ఒక్క విడత మాటల వల్ల పీటీఎస్‌డీ ఆగదు. కొందరికి కీడు జరిగిన సూచనలూ ఉన్నాయి. మరుసటిరోజు కౌన్సెలింగ్ శిబిరం పెట్టి ఫొటో దిగే అధికారులు ఈ ఒక్క సమీక్ష చదివితే బాగుండు. మొదటి రోజుల్లో కావాల్సింది నిద్ర, తిండి, ఇంటికి పోనివ్వడం, వెంటనే ఇంకో బాడీ కేసుకు పంపకపోవడం. 2022లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా ఉద్యోగిని మార్చే శిక్షణలతో సరిపెట్టకుండా పని గంటలు, షిఫ్టులు, పై అధికారులకు శిక్షణ అన్న వైపుకు చూపు మళ్లించాయి. 14416 నంబరుకు చేస్తే టెలి మానస్ పలుకుతుంది. 2022 అక్టోబరు 10న మొదలైన ఆ సేవ ఉచితం. రాత్రి రెండింటికి నిద్రలేచి కూర్చున్నవాడికి అది పనికొస్తుంది, కానీ సెలవు చీటీ ఇవ్వలేదు.

ఇన్ని చట్టాలు చూశాక నాకు కనిపించిన అసలు లోటు డబ్బు కన్నా ముందుది. ఈ మనిషి ఏమేం చూశాడన్న లెక్క ఎక్కడా లేదు. నిజానికి ఆ లెక్క పుడుతూనే ఉంది, వేరేవాళ్ల పేరు మీద. 108లో ప్రతి కేసుకూ పేషెంట్ రికార్డు రాస్తారు: సమయం, స్థలం, స్థితి, ఈఎంటీ ఐడీ. పోలీసు స్టేషన్లో జనరల్ డైరీ ఉంది, పంచనామా ఉంది. ఫైర్ స్టేషన్లో పిలుపుల రిజిస్టరు ఉంది. అన్నీ బాధితుడి పేరు కింద సర్ది ఉంటాయి. వాటినే సిబ్బంది పేరు కింద తిరగేస్తే, ఫలానా ఈఎంటీ ఈ మూడేళ్లలో ఎన్ని చావులకు వెళ్లాడు, అందులో పిల్లలవి ఎన్ని, ఒకే వారంలో మూడు పడ్డ వారాలు ఎన్ని అన్నది కొత్తగా ఒక్క కాగితం పుట్టించకుండానే తేలుతుంది. నిర్దిష్టమైన గాయం ఏదని చట్టం అడిగినప్పుడు చూపించడానికి తేదీలుంటాయి. సంస్థ మారినప్పుడు ఆ పద్దు మనిషితోపాటు వెళ్తుంది. నిద్రలేమికి డ్యూటీ గంటలు కారణమా, శవాలా అన్న చిక్కును విప్పాలనుకునే పరిశోధకుడికి కూడా మొదటిసారిగా పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది.

ఇది తిరగబడే అవకాశం లేకపోలేదు. ఎక్కువ కేసులు చూసినవాడిని చెడిపోయిన సరుకులా పక్కన పెట్టొచ్చు, ప్రమోషనప్పుడు వాడొచ్చు. అందుకే ఇందులో ఉండాల్సింది ఎక్కడెక్కడికి వెళ్లాడన్న లెక్క మాత్రమే. జబ్బు కాగితం ఇందులోకి రాకూడదు. 2017 చట్టం 23వ సెక్షన్ రోగి గోప్యతకు ఇచ్చిన రక్షణ దాన్ని వేరుగానే ఉంచమంటోంది. రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లు నడిచిందో బండికి లాగ్ బుక్కు ఉంది. దాన్ని చూసి బండిని ఎవరూ చిన్నచూపు చూడరు, సర్వీసింగుకు పంపుతారు.

గజ ఈతగాళ్ల మాట మిగిలింది. వాళ్లకు రిజిస్టరూ లేదు, తిరగేయడానికి. మత్స్యకారుల సామూహిక ప్రమాద బీమా ఉంది గానీ అది చావుకూ, శరీర వైకల్యానికీ, ఆస్పత్రి ఖర్చుకూ. అయితే తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఎండలకు జనం తీరానికి ఎగబడేది సరిగ్గా ఆ రోజుల్లోనే. పడవలు ఒడ్డునే ఉంటాయి, పడవల మనుషులు ఇళ్ల దగ్గరే ఉంటారు, కేక వినబడగానే దూకేదీ అందుకే. ఆ 61 రోజుల భృతి కోసం రామాపురం, వాడరేవుతో సహా ప్రతి తీర గ్రామంలో మత్స్యశాఖ ఇల్లిల్లూ తిరిగి జాబితా తయారుచేస్తుంది: మనిషి, పడవ నంబరు, బ్యాంకు ఖాతా. ఎవరు దూకారో స్టేషన్ డైరీలో పేరుతో రాసి, ఆ పేరును ఈ జాబితాతో కలిపితే, యజమాని లేనివాడికి కూడా ఒక పద్దు మొదలవుతుంది. ఎస్సై పేరు రాసే పెన్నే దానికి చాలు.